కట్టు విప్పారా అండీ?

పర్చూరు దాటాక రావులదిన్నెకి రెండు దారులున్నాయి. ఒకటి తారురోడ్డు, చుట్టు తిరిగి పోతుంది. రెండోది డొంక. పత్తి చేలకీ మిరప చేలకీ మధ్యలోంచి నేరుగా ఊరి పొలిమేరకి తీసుకెళ్ళే బండిబాట.

డొంకలో పడితే దూరం సగానికి సగం తగ్గుతుంది. అయినా పొద్దుగూకాక ఆ దారిన ఎవరూ పోయేవాళ్ళు కాదు.

పోయినవాళ్ళు చెప్పేది ఒక్కటే. పొలిమేర దగ్గర, మూతపడ్డ మోటారు షెడ్డు పక్కన, బండి దానంతటదే ఆగిపోతుంది. లైట్లు మసకబారతాయి. చీకట్లోంచి ఒక ఆడగొంతు... అరవదు, ఏడవదు, మర్యాదగా ఒకే ఒక్క మాట అడుగుతుంది.

"కట్టు విప్పారా అండీ?"

ఆ మాటకి జవాబు చెప్పినవాడు లేడు. బండి వదిలేసి పరిగెత్తినవాళ్ళే అందరూ.

కట్టు అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. మా వైపు తేలు కుడితే విషం పైకెక్కకుండా కట్టు వేస్తారు. గొడ్లకి రోగమొస్తే దొడ్డికి కట్టు వేస్తారు. ఊరినే రోగం చుట్టుముడితే ఊరికి కట్టు. చదువుకున్నవాళ్ళు దిగ్బంధం అంటారు. మంత్రగాడు నాలుగు దిక్కులా పొలిమేరల్లో మేకులు దిగేసి, వాటికి పసుపుదారం చుట్టి, ఊరంతా ఒక చుట్టు తిరిగొస్తాడు. అంతే. ఇక బయటిది లోపలికి రాదు.

అందరికీ గుర్తుండేది ఈ సగమే. రెండో సగం ఎవరికీ పట్టదు — లోపలిది బయటికీ పోదు.

మా పెద్దవాళ్ళు ఆ మాటని ఒంటరిగా వదిలిపెట్టరు. "ఊరికి కట్టు వేశారంట" అని ఒకరంటే, వినేవాళ్ళు వెంటనే "విప్పేదెప్పుడంట?" అని అడిగి తీరాలి. అది మాట వరసకి అడగటం కాదు, భయం. మేకు పీకినంత మాత్రాన కట్టు పోదు. వేసినవాడే పొలిమేరలో నిలబడి గొంతెత్తి కేక వెయ్యాలి. "కట్టు విప్పాం... వచ్చేవాళ్ళు రండి... పోయేవాళ్ళు పోండి..."

ఆ కేక పడేదాకా కట్టు ఉన్నట్టే.

రావులదిన్నె సంగతంతా నాకు బుడే చెప్పాడు. బుడేది చీరాల. నా దగ్గర ట్రాలీ నడుపుతాడు. డిగ్రీ అవగానే ఉద్యోగం కోసం కూర్చోకుండా నేను రెండు ట్రాలీ ఆటోలు దింపాను. మిరప సీజన్లో కల్లాల్లో బస్తాలు ఎక్కించుకుని తెల్లారేలోపు గుంటూరు యార్డుకి చేర్చటం మా పని. మొన్న సీజను మొదట్లో దూరం, డీజిలు, ట్రిప్పులు అన్నీ నోటిలెక్క వేసుకుని నేనే అన్నాను.

"అన్నా, రావులదిన్నెకి డొంకలో పో. ఇంకో ట్రిప్పు కలిసొస్తది."

"దానికేదో చెడ్డపేరుందంటగా తమ్ముడూ?"

"పేరుకేముందిలే. డీజిలు మిగులుద్ది."

"నీకేం, లెక్కలు నువ్వేస్తావు. స్టీరింగు పట్టుకోవాల్సింది నేను," అని నవ్వి, బుడే బండి తీశాడు.

ఆ రాత్రి మంచు బాగా పడుతోంది. రెండు పక్కలా మిరప ఘాటు. చేలల్లో మనిషి అలికిడి లేదు. పొలిమేర దగ్గరికి వచ్చేసరికి ఇంజను రెండు దగ్గులు దగ్గి... ఆగిపోయింది.

బుడే తాళం తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు. ఇంకోసారి తిప్పబోయాడు —

"కట్టు విప్పారా అండీ?"

షెడ్డు గోడకి ఆనుకుని ఎవరో కూర్చున్నట్టుంది. మిరపకోతకి వచ్చిన కూలీ అనుకున్నాడు. ఆ డొంకకి చెడ్డపేరుందని విన్నాడే గాని, ఆ పేరు ఎందుకొచ్చిందో చీరాలవాడికి తెలియదు.

"ఏం కట్టమ్మా?"

గోడ దగ్గర నీడ కదిలింది. తర్వాత, మెల్లగా...

"మీది ఈ ఊరు కాదా అండీ?"

"చీరాల."

"అయితే మీకెట్లా తెలుస్తుందిలెండి. మా అమ్మకి జ్వరం. చూసి పోదామని వచ్చా. కట్టు విప్పాక కబురు చేస్తాం, అక్కడే ఉండమన్నారు."

"ఎప్పుడన్నారు?"

గొంతు తడబడింది.

"ఇందాకే... ఇందాకే కదా."

ఇంజను దానంతటదే అందుకుంది.

పొలిమేర దాటి కొంచెం పోతే చర్చి, చర్చి పక్కన పేట. పేట మొదట్లో ఒక పాత రోలు బోర్లించి ఉంది. దాని మీద ఒక ముసలామె, తల మీదుగా దుప్పటి కప్పుకుని, డొంక వైపే చూస్తూ కూర్చుంది. ట్రాలీ రాగానే చెయ్యెత్తింది.

"పొలిమేర కాడ ఎవరన్నా ఉన్నారా నాయనా?"

"ఒక అమ్మాయి ఉంది పెద్దమ్మా. వాళ్ళమ్మకి జ్వరమంట."

ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా శాంతే. దర్శిలో ఇచ్చాం. పిల్లల్ని మొగుడి మీద వదిలేసి వచ్చింది చూడు..." దగ్గు అడ్డమొచ్చింది. చాలాసేపు దగ్గింది. "నాకు తగ్గిందని చెప్పు నాయనా. ఒళ్ళు చల్లబడింది. నొప్పులు కూడా లేవు. రెబ్కమ్మ చెప్పమందని చెప్పు. ఎండన పడి వచ్చింది, మంచినీళ్ళన్నా తాగమను."

"ఇంత దగ్గరేగా. బండెక్కు, నేను దింపుతా."

"కట్టుందిగా నాయనా," అంది. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

బుడే కల్లానికి పోయి బస్తాలు ఎక్కించుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు షెడ్డు దగ్గర బండి నెమ్మది చేసి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అమ్మా... మీ అమ్మకి తగ్గిందంట. ఒళ్ళు చల్లబడిందంట. మంచినీళ్ళు తాగమంది."

చీకట్లో ఎవరో పెద్ద ఊపిరి వదిలారు. నెత్తి మీద మోపు దించినప్పుడు వదిలే ఊపిరి.

"హమ్మయ్య... అయితే పొద్దున్నే చూస్తాలెండి."

మర్నాడు కల్లంలో బుడే ఈ సంగతి ఏసోబుకి చెప్పాడు. ఏసోబుది ఆ పేటే. బస్తాలకి మూతులు కుడతాడు. వింటూ వింటూ అతని చేతిలో దబ్బనం ఆగిపోయింది.

"నువ్వు మాట్లాడావా భాయ్? జవాబు చెప్పావా?"

"అడిగితే చెప్పనా?"

ఏసోబు దబ్బనం పక్కన పెట్టాడు.

"కరోనా వచ్చిన రెండో ఏడు. రోజుకొకరు పోతున్నారు. పెద్దోళ్ళంతా కలిసి మంత్రగాడు వెంకయ్యతో ఊరికి కట్టు వేయించారు. డొంకకి అడ్డంగా ముళ్ళకంప కొట్టాం. కర్రలు పట్టుకుని కాపలా. మా పేటోళ్ళం ఇట్టాంటివి నమ్మం. అయినా భయానికి మేమూ నిలబడ్డాం. ఆ సాయంత్రమే శాంతి వచ్చింది. బస్సుల్లేవు, చాలా దూరం నడిచే వచ్చింది. కంపకి ఇటు మేం, అటు ఆ పిల్ల."

"రానివ్వలేదా?"

"కట్టు విప్పాక పిలుస్తాం, షెడ్డులో ఉండమ్మా అన్నాం. అన్నం కంప మీంచి అందించాం. మర్నాడే వెంకయ్యకి ఊపిరాడలేదు. ఒంగోలు తీసుకుపోయారు. మళ్ళీ రాలేదు. కట్టినోడు పోయాడు, విప్పేవాడు లేడు. షెడ్డులో ఆ పిల్లకీ అదే జ్వరం..." ఏసోబు తల దించుకున్నాడు. "మోటారు వెయ్యటానికి పోయినోడు చూశాడు. ఊళ్ళోకి తేనివ్వలేదు. డొంక పక్కనే పాతిపెట్టాం."

ఎండలో కూర్చున్న బుడే లేచి నిలబడ్డాడు. రాత్రి తను మాట్లాడింది ఎవరితో...

అంతలోనే ముసలామె గుర్తొచ్చింది. కూతురు పోయిన సంగతి ఆమెకి తెలియదా? తెలిసీ మతి చలించిందా? పాపం, ఇన్నేళ్ళుగా మంచులో కూర్చుని ఎదురుచూస్తోందా?

ఆమె మాట మాత్రం ఏసోబుని అడగలేదు. పిచ్చిదని నలుగురూ నవ్వుకుంటారేమోనని తనలోనే ఉంచుకున్నాడు.

ఆ రాత్రి డొంక జోలికి పోలేదు. తారురోడ్డు మీదుగానే ఊళ్ళోకి వచ్చాడు. చర్చి దాటగానే... రోలు మీద ముసలామె.

"చెప్పావా నాయనా?"

"చెప్పాను పెద్దమ్మా." "వెళ్ళిపోయింది. దర్శి బస్సెక్కింది. అమ్మకి తగ్గిందంటగా, చాలు అంది."

దుప్పట్లోంచి ఆ కళ్ళు అతన్నే చూస్తున్నాయి.

"చూడకుండానే పోయిందా?"

బుడే స్టీరింగు వైపు చూశాడు.

"మంచిదేలే నాయనా. పిల్లలు ఎదురుచూస్తుంటారు." లేచింది. నాలుగడుగులేసి ఆగింది. "ఏమన్నా తిని పోయిందా?"

"తినే పోయింది పెద్దమ్మా."

తల ఊపి, సందు చీకట్లోకి వెళ్ళిపోయింది. అబద్ధమే. కానీ ఇవాళ్టి నుంచైనా ఇంట్లో పడుకుంటుంది కదా అనుకున్నాడు బుడే. ఆ రోజు గుంటూరు దాకా అతని మనసు తేలిగ్గా ఉందట.

తర్వాతి రాత్రి రోలు ఖాళీగా ఉంది. ఆ తర్వాతా అంతే. మళ్ళీ జ్వరమొచ్చిందేమోనని బుడే చీరాలలో బత్తాయిలు కొని తెచ్చాడు. పొద్దువాలే వేళ కల్లానికి పోతూ ఏసోబుని అడిగాడు.

"రెబ్కమ్మ ఇల్లెక్కడ?"

"ఏ రెబ్కమ్మ?"

"శాంతి వాళ్ళమ్మ."

ఏసోబు ముందు నడిచాడు. సందు చివర ఆగాడు. కప్పు లేదు. తలుపు లేదు. గోడల మధ్య తుమ్మమొక్కలు మనిషెత్తు పెరిగాయి.

"ఇదే," అన్నాడు.

"మరి ఆమె?"

"కట్టు వేసిన రాత్రే పోయింది భాయ్. శాంతి కంప దాకా వచ్చిన గంటకే." ఏసోబు గొంతు బాగా తగ్గిపోయింది. "ఆ పిల్లకి మేం చెప్పలేదు. చెబితే కంప దూకి వచ్చేస్తది, కట్టు తెగుద్దని... తెల్లారి సమాధి చేసొచ్చి కూడా, తగ్గుతోందిలేమ్మా, తగ్గుతోందిలే అన్నాం. ఫోన్లోనూ అదే మాట. ఆ పిల్ల చచ్చేదాకా అదే మాట..."

బుడే బత్తాయిల సంచి గుమ్మం రాయి మీద పెట్టాడు.

"నేను చూశాను ఏసోబూ. ఆ రోలు మీద. మాట్లాడాను కూడా."

ఏసోబు నమ్మలేదని అనలేదు. గుమ్మం వైపు చూశాడు.

"లోపలిది బయటికి పోదుగా," అన్నాడు.

తల్లి కట్టుకి ఇవతల. కూతురు కట్టుకి అవతల. మధ్యలో పిలిస్తే వినపడేంత దూరం. ఒకరి మాట ఒకరికి చేరదు. ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరిగినవాడు బుడే ఒక్కడే. ఆ ఒక్కడూ తల్లికి చెప్పిన కబురు... నీ కూతురు వెళ్ళిపోయిందని.

"గడ్డపార ఉందా?" అన్నాడు బుడే.

"ఎందుకు?"

"మేకు పీకేద్దాం."

చీకటి పడ్డాక ఇద్దరూ పొలిమేరకి పోయారు. ఏసోబు ఫోను లైటు పట్టుకున్నాడు. బుడే తవ్వాడు. ఒక చోట కాదు, పొలిమేర రాయి చుట్టూ తవ్వాడు. మట్టి, గులకరాళ్ళు, పత్తిచెట్ల వేర్లు... మేకు లేదు.

ఏసోబుకి అప్పుడు గుర్తొచ్చింది.

"డొంక వెడల్పు చేసినప్పుడు ప్రొక్లైనర్ పెట్టి ఇదంతా తవ్విపోశారు. ఈ రాయి కూడా తర్వాత పాతిందే. మేకు అప్పుడే పోయుంటది."

"అంటే... కట్టు లేనట్టేగా?"

"మేకు లేదు భాయ్. కేక పడలేదు."

"ఇన్నేళ్ళు ఒక్కళ్ళన్నా వెయ్యలేదా?"

"కట్టినోడే వెయ్యాలి. వేరేవాళ్ళు వేస్తే ఆ కట్టు వాళ్ళ మీద పడుద్దంటారు. పిల్లలు గలోళ్ళం..."

బుడే గడ్డపార కింద పడేశాడు. షెడ్డు వైపు ఒకసారి, పేట వైపు ఒకసారి చూశాడు. పొలిమేర రాయి పక్కన నిలబడి గొంతెత్తాడు.

"కట్టు విప్పాం..."

చేలల్లో కీచురాళ్ళు ఆగిపోయాయి.

"వచ్చేవాళ్ళు రండి..."

గుక్క తిప్పుకున్నాడు.

"పోయేవాళ్ళు పోండి..."

ఏమీ లేదు. గాలి కూడా లేదు.

తర్వాత — షెడ్డు దగ్గర రబ్బరు చెప్పుల చప్పుడు. ముందు ఒక అడుగు, నమ్మకం లేనట్టు. ఇంకో అడుగు. ఆ పైన టపటపా టపటపా పరుగు... ఇద్దరి మధ్యనుంచీ చల్లగా దూసుకుపోయింది. చర్చి దాటింది. సందులోకి తిరిగింది.

ఏసోబు మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. బుడేకీ కళ్ళు కనపడటం లేదు. ఆ పక్కనే ఎవరో దగ్గినట్టు వినపడితే, ఏసోబే అనుకున్నాడు.

అప్పటి నుంచి డొంకకి చెడ్డపేరు లేదు. నా ట్రాలీలు రెండూ రాత్రిళ్ళు ఆ దారినే పోతున్నాయి. ఇంజను ఆగదు. లైట్లు మసకబారవు. ఎవరూ ఏమీ అడగరు.

ఇప్పుడు చెడ్డపేరు పేటలో ఆ సందుకి వచ్చింది. సందె చీకటి పడితే అటు ఎవరూ పోవటం లేదు. తలుపు లేని ఆ ఇంట్లో, తుమ్మమొక్కల మధ్య, ఒక గొంతు ఇల్లంతా తిరుగుతుందట.

"అమ్మా... కట్టు విప్పారే... ఎక్కడున్నావే..."

తెల్లారేదాకా ఆ ఒక్క గొంతే. జవాబు ఉండదు.

"కలిశారనుకున్నా తమ్ముడూ," అన్నాడు బుడే నాతో, యార్డు నుంచి ఖాళీ ట్రాలీతో తిరిగొస్తున్నప్పుడు. పోయిన వారం సంగతి. రావులదిన్నెలో ఏం జరిగిందో మొదటి నుంచీ ఆ రోజే చెప్పాడు. "ఇద్దరికీ దారి తీశాననుకున్నా. మరి ఆ తల్లి ఎటు పోయినట్టు?"

నాకేం తెలుసు. దూరాలూ డీజిలూ అయితే చెప్పగలను.

పర్చూరు వచ్చేసరికి ఇంకా తెల్లారలేదు. సెంటర్లో కొట్లన్నీ మూసి ఉన్నాయి. దర్శి వైపు బస్సులు ఆగేచోటికి రాగానే ట్రాలీ రెండు దగ్గులు దగ్గి... ఆగిపోయింది.

బుడే తాళం తిప్పలేదు. నా వైపు చూడలేదు.

సిమెంటు బల్ల మీద ఎవరో కూర్చుని ఉన్నారు. తల మీదుగా దుప్పటి. ఒళ్ళో ఒక సంచి. అందులోంచి బత్తాయిల వాసన. చాలాసేపు దగ్గి, ఊపిరి తీసుకుని, కిటికీ వైపు తిరిగింది.

"దర్శి బస్సు పోయిందా నాయనా?"

బుడే తలుపు మీద చెయ్యి వేశాడు.

"అమ్మాయి నన్ను చూడకుండానే వెళ్ళిపోయింది. నేనే పోయి చూసొద్దామని..." అంది రెబ్కమ్మ. "ఇన్నాళ్ళకి కట్టు విప్పారు."